కాగితపు యుద్ధనౌకకు పొట్టి డెక్కు

జిరాక్సు షాపతన్ని వీధిలో అందరూ అడ్మిరల్ అంటారు. అతను ఓడెక్కి ఎరగడు. కౌంటరు మీద గాజు పెట్టెలో ఎప్పుడూ ఒక కాగితపు ఓడ ఉంటుంది, ఆ పేరు అందుకు. ఈసారి తలపెట్టింది చెక్క ఓడలకు ఇనుప రేకులు తొడగడం మొదలైన కాలం నాటి యుద్ధనౌక. నీళ్లను అంటుకుపోయినట్టుండే ఎత్తు తక్కువ ఒళ్లు, నడిమధ్య డబ్బాలాంటి ఫిరంగి గది.

"ఇనుప ఓడని కాగితంతో చేస్తే తుమ్మినా మునుగుతుందేమో," అన్నాడు పక్క షాపు మంగలి.

"అందుకే నిన్ను దూరంగా నిలబడమనేది."

భాగాలను దళసరి కాగితం మీద ప్రింటు తీసేది అడ్మిరల్. కోసేది అతని మామగారు. ఆయన ఒకప్పుడు పెద్ద దర్జీ షాపులో కటింగ్ మాస్టరు. ఇప్పుడు షాపు మీది వాటాలో కూతురు, అల్లుడితో ఉంటున్నాడు. సాయంత్రమైతే కిందికి దిగి, కత్తి పట్టుకుని, కాగితాన్ని తిప్పుతూ గీత వెంబడి కోసేవాడు. పని చేస్తున్నంతసేపూ నోరు విప్పేవాడు కాదు.

ఒళ్లు అతికించారు. పైన పరచాల్సిన డెక్కు పెట్టి చూస్తే ముందు కొనన గోరు పట్టేంత సందు. వెనక్కి జరిపితే వెనక సందు. జిగురు ఆరిపోతోంది. కౌంటరు ముందు మనుషులు నిలబడి ఉన్నారు, మంగలి తొంగిచూస్తున్నాడు.

"వణికే చేతులకి కత్తి ఇచ్చాను చూడండి, నాదే బుద్ధి తక్కువ," అన్నాడు అడ్మిరల్.

మామగారు కత్తి తుడిచి, తొడుగు వేసి, సొరుగులో పెట్టాడు. "నిజమే బాబూ, వయసైపోయింది," అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మళ్లీ కిందికి దిగలేదు. టీ ఇస్తే, "సగమే పొయ్యమ్మా, ఒలకబోస్తాను," అన్నాడట కూతురితో. ఏనాడూ ఇంకొకరి చేత గడ్డం గీయించుకోని మనిషి మంగలి కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

"చెయ్యి వణుకుతోందట మాస్టారికి," అన్నాడు మంగలి అడ్మిరల్‌తో. "నాకైతే కనపడలేదు. నీ కళ్లు మంచివి."

ఇంతలో ఒక ఇళ్ల మేస్త్రీ ప్లాను పట్టుకుని వచ్చాడు. నిన్న తీసిన ప్రింటులో కొలతలు తేడాగా ఉన్నాయన్నాడు. అడ్మిరల్ తల ఎత్తకుండానే గోడ మీది అట్ట వైపు వేలు చూపించాడు: ప్రింటు తీసిన వెంటనే కొలిచి చూసుకోవలెను. తరువాత మాకు బాధ్యత లేదు. అతనే రాయించిన అట్ట అది. అయినా అనుమానమొచ్చి కంప్యూటరు తెరిచి చూస్తే ఫిట్ టు పేజ్ అన్న చోట టిక్కు ఉంది. బొమ్మ అంచులు తెగిపోకుండా మొత్తాన్ని కాస్త కుదించే ఏర్పాటు అది. ఎవరి పనికోసమో పెట్టి, తీయడం మరిచాడు.

మేస్త్రీని పంపేసి, డెక్కు కోయగా మిగిలిన కాగితం వెతికాడు. ఇలాంటి కాగితాల మూలన ఒక కొలతగీత అచ్చవుతుంది, ప్రింటు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికే. స్కేలు పెట్టాడు. గీత ఉండాల్సిన దానికంటే పొట్టిగా ఉంది. టిక్కు పెట్టకముందు తీసిన ఒళ్లు సరైన కొలతలో వచ్చింది, తరవాత తీసిన డెక్కు కుదించుకుపోయింది. మామగారు కోయాల్సిన గీత మీదే కోశాడు.

పైకెళ్లి చెప్పాడు. ముసలాయన విని తలూపాడు. "నేను బాధపడతానని అంటున్నావు. నీది మంచి మనసు బాబూ."

భార్య అంతా వింది. "నడిబజారులో చెంప పగలగొట్టి, గదిలోకొచ్చి మందు రాస్తున్నారా? మా నాన్న ఎందుకు నమ్ముతాడు?"

మర్నాడు మామగారు మంగలి కుర్చీలో నురగ ముఖంతో ఉండగా అడ్మిరల్ పాత కాగితం, కొత్త ప్రింటు, స్కేలు పట్టుకుని వెళ్లాడు. బెంచీ మీద వీధివాళ్లున్నారు. రెండింటి మూలనున్న కొలతగీతలూ కొలిచి చూపించాడు. "కోత తప్పు కాదు. ప్రింటు తప్పు. నేను తీశాను, కొలవలేదు. ఆయన్ని అన్నాను," అన్నాడు.

మంగలి స్కేలు తీసుకుని తనూ కొలిచాడు. బెంచీ మీదున్న ఒకాయన, "గోడ మీద అట్ట రాయించింది నువ్వేగా," అన్నాడు. మామగారు నురగ తుడిపించుకుని లేచాడు. అల్లుడి వెనక షాపుకొచ్చి కూర్చున్నాడు. అడ్మిరల్ సొరుగులోంచి కత్తి తీసి అందించాడు. ఆయన అందుకోలేదు.

"నువ్వు కొయ్యి. నేను చూస్తాను."

అడ్మిరల్ కొత్త ప్రింటు గీత మీద కత్తి ఆనించాడు. మొన నిలవలేదు. మరోసారి ఆనించాడు. గుమ్మంలో మంగలి నిలబడ్డాడు. వేళాకోళానికి ఇంతకంటే మంచి అదను దొరకదు, అయినా అతను వీధివైపు తిరిగిపోయాడు.

"భుజం వదులు చెయ్యి," అన్నాడు మామగారు మెల్లగా. "కత్తిని కాదు, కాగితాన్ని తిప్పు. చెయ్యి అదే కుదురుకుంటుంది."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది అనుకున్నాడు అడ్మిరల్. తల ఎత్తకుండా కాగితం తిప్పాడు.