అంగారకుడి మీద మా పెద్దనాయన

మొన్న ఆదివారం కల్లూరులో మా మనవరాలి ఇంట్లో భోజనం చేసి కాస్త నడుం వాల్చుదామనుకుంటూ ఉండగా, ఆమె కొడుకు టీవీలో ఏదో బొమ్మల సినిమా పెట్టుకుని ఇల్లు దద్దరిల్లేటట్టు కేకలు వేస్తూ చూస్తున్నాడు. అందులో ఒకడికి అందరూ కలిసి అన్యాయం చేశారట, వాడి ఒంట్లోకి ఏదో మహిమ వచ్చిందట, మనది కాని లోకానికి ఎగిరిపోయి, అక్కడి రాజును కూలదోసి, సింహాసనమెక్కి కూర్చున్నాడట. వాడు మంచివాడా చెడ్డవాడా అని అడిగితే మా మునిమనవడు "రెండూ అవ్వా" అన్నాడు. నాకు నవ్వాగలేదు. అలాంటివాడినొకణ్ణి నేను పదకొండో ఏటనే తయారుచేసి అంగారక గ్రహానికి పంపించానని చెబితే వాడు నమ్మడు. నా ఈడువాళ్ళు, మీరైనా నమ్ముతారని చెబుతున్నాను.

మాది కర్నూలుకు పడమట ఒక నేతగాళ్ళ ఊరు. యుద్ధం ఇంకా రాలేదు, నూలుకు కటకట రాలేదు, మా ఇంట్లో నాలుగు మగ్గాలూ పొద్దు పొడిచింది మొదలు ఆడుతూనే ఉండేవి. వాటి మీదా మా అందరి మీదా పెత్తనం పెద్దనాయనది. మనిషి చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. పండగనాడు పిల్లలందరికీ గుడ్డ తెచ్చిన తరువాతే తాను కొత్త పంచె కట్టేవాడు. కానీ ఆయన మాటంటే మాటే. మూడుసార్లు గొంతు సవరించుకున్నాడంటే తీర్పు రాబోతోందని మాకు తెలుసు. బొడ్డులో నశ్యం డబ్బీ, చెంపల దాకా పాకిన మీసం, ఎవరేమడిగినా "అయితే యేం?" అన్న ఒకే జవాబు. మా నాయన నోట్లో నాలుక లేని మనిషి, అన్న ముందర తలెత్తేవాడు కాడు. పెద్దనాయనను చూసి నవ్వగలిగింది మా జేజి ఒక్కతే, ఎంతైనా కన్నతల్లి కదా, ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకునే నవ్వేది.

మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా ఉండేది. నేను అయిదు పాసయ్యాను, బడిలో మొదటిదాన్నయ్యాను కూడా. ఆ సంగతి చెప్పి, పిల్లను ఆరులో చేర్పించమని అడగడానికి అయ్యవారే స్వయంగా మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పెద్దనాయన మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మొదటిదయింది. అయితే యేం? చదివి యేం జేస్తాది అయ్యవారూ? ఈడ కండెలు చుట్టే దిక్కు లేకుండా ఉండాది."

మగ్గం సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. నేసేటప్పుడు అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు పెట్టాలంటే, దాన్ని ముందుగా చిన్న చిన్న పుల్లలకు చుట్టాలి. అవే కండెలు. మగవాళ్ళు మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు, ఆడవాళ్ళూ పిల్లలూ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడతారు. మగ్గం ఎంత తొందరగా తింటుందో అంత తొందరగా చుట్టాలి, తలెత్తడానికి వీలుండదు. దినానికి రెండు బుట్టల కండెలు నా వంతుకు వచ్చాయి. జూన్‌లో బడి తెరిచే లోపల పెద్దనాయన మనసు మారకపోతే నా చదువు అంతటితో సరి.

ఏడ్చాను, అన్నం మానేశాను, ఆకలికి ఆగలేక మళ్ళీ తిన్నాను. ఎదురు చెప్పే ధైర్యం లేదు. కోపం మాత్రం చల్లారలేదు. అంతకుముందు ఒకనాడు అయ్యవారు చెప్పిన మాట ఒకటి నా తలలో తిరుగుతూ ఉండేది. ఆకాశంలో ఎర్రగా కనిపించే అంగారకుడి మీద కాలువలు ఉన్నాయట, దొరలు దుర్భిణీలు పెట్టి చూశారట. మా కర్నూలు దగ్గర మొదలైన కాలువ కడప దిక్కుకు మళ్ళుకుని పోయింది, మాకు దాని పేరు వినడమే గాని ఒక చుక్క రాలేదు. అటువంటి ఊళ్ళో పుట్టినదానికి కాలువలున్న లోకం అంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. నూలు కట్టలకు చుట్టి వచ్చే మందపాటి కాగితం తీసుకుని, దాని వెనకవైపు, బెత్తెడు కూడా లేని పెన్సిలుతో కథ మొదలుపెట్టాను.

నా వీరుడి పేరు మద్దిలేటి. నేతగాడు. ఊరి పెద్దలు కుట్ర చేసి అతని మగ్గం విరగ్గొట్టి గుంటలో మన్ను పోశారు. పిడుగు పడిన తుమ్మచెట్టు చేవతో అతడొక నాడె చేసుకున్నాడు. దానికి దారం కట్టి కోపంతో విసిరితే అది పోయి పోయి అంగారకుడికి తగులుకుంది, ఆ దారం పట్టుకుని ఇతడూ పైకి పోయాడు. ఆ నాడె ఎవరి చుట్టూ తిరిగితే వాళ్ళు బిగుసుకుపోతారు, అదీ మద్దిలేటి మహిమ. ఇక అంగారక లోకాన్ని ఏలే చక్రవర్తి ఎటువంటివాడంటే, చెంపల దాకా మీసం, బొడ్డులో బంగారు నశ్యం డబ్బీ. అతడు తుమ్మితే లోకమంతా ఎర్రదుమ్ము లేస్తుంది. కాలువల తూములన్నీ మూయించాడు, ప్రజలు వచ్చి దాహమని మొరపెట్టుకుంటే మూడుసార్లు గొంతు సవరించుకుని "అయితే యేం?" అంటాడు.

మొదట జేజికి చదివి వినిపించాను. ఆమె చక్రవర్తి తుమ్ము దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేటట్టు నవ్వి, మళ్ళీ చదవమంది. మరుసటి రోజు మధ్యాహ్నం అమ్మ, పక్కింటి ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. మూడో రోజు మగ్గాల చప్పుడు మందగించింది. ఎందుకు మందగించిందో చూద్దామని పెద్దనాయన గుంటలోంచి లేచి వచ్చాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. చదవడం ఆపేస్తే ఎందుకు ఆపావంటాడు, చదివితే కొడతాడు. చేసేది లేక చదివాను. ఆయన నిలబడి విన్నాడు, గోడకు ఆనుకుని విన్నాడు, చివరికి కూర్చున్నాడు.

"ఆ కాలువలు తూములు తీస్తే చివరి మడి దాకా నీళ్ళు పారతాయా పాపా?"

పారతాయన్నాను. "శానా అన్యాయం," అన్నాడు తల ఊపుతూ. "అంత నీళ్ళు పెట్టుకొని తూములు మూసేటోడు యేం మనిషి!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. మా పెద్దనాయన తడుముకోలేదు సరిగదా, దొంగను పట్టుకోమని అందరికంటే ముందు కేకలు వేశాడు. నశ్యం డబ్బీ తీసి ఒక పట్టు పీలుస్తూనే నశ్యం చక్రవర్తిని తిట్టేవాడు. వీధి వీధంతా సంగతి కనిపెట్టి చెవులు కొరుక్కుంటూ ఉంటే, నాయన ఒక్కడు మగ్గం గుంటలో కూర్చుని ఎండాకాలపు చెమటకు తోడు భయం చెమట కూడా కార్చేవాడు. రాత్రికి రాత్రి ఆ కాగితాలు పొయ్యిలో పెట్టమని అమ్మ చేత నాకు చెప్పించాడు కూడా. నేను వినలేదు. మధ్యాహ్నం భోజనాలు కాగానే, ఒక బుట్ట కండెలు పూర్తిచేస్తే కథ చదవవచ్చని పెద్దనాయనే సెలవిచ్చిన తరువాత ఇంక నేనెవరి మాట వింటాను?

ఆ వేసవి అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ వేసవీ గడపలేదు. మా ఇంటి వసారాలో చోటు చాలక జనం వీధిలో కూర్చునేవాళ్ళు. పక్క వీధి సేద్యగాళ్ళు వచ్చి అంగారకుడి మీద కొర్ర పండుతుందా, జొన్న పండుతుందా అని అడిగేవాళ్ళు, రెండూ పండించాను. మద్దిలేటి ఒక్కొక్క కోటే పట్టుకుంటూ వచ్చి, చక్రవర్తిని నాడెతో బిగించి, సింహాసనమెక్కి కూర్చున్ననాడు వీధిలో ఈలలు వేశారు. ఎక్కినవాడు ఊరుకుంటాడా? ఎదురుచెప్పినవాళ్ళందరినీ తడి నూలు చిలపలు ఆరేసినట్టు కోటగోడకు వరసగా ఆరేశాడు. తనను చూసి నవ్వినవాళ్ళను కూడా ఆరేశాడు. నాకైతే రాస్తూ ఉంటే చెయ్యి ఆగేది కాదు, అంత హాయిగా ఉండేది.

జేజికి మాత్రం నచ్చలేదు. "వీడు గూడా ఆయప్ప మాదిరే అయితాండాడు గదే," అంది. నాకు కోపం వచ్చి ఆ పూట ఆమెతో మాట్లాడలేదు.

బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా చక్రవర్తికి శిక్ష వేసే ఘట్టం వచ్చింది. ఏం శిక్ష వేయాలో నాకు తోచలేదు, అందరినీ అడిగాను. ఏనుగు చేత తొక్కించమని ఒకరు, మీసం గొరిగించమని ఒకరు, తూములో పెట్టి మూయమని ఇంకొకరు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. పెద్దనాయన చేయెత్తి అందరినీ ఊరుకోబెట్టి, మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"సంపితే యేముంది, ఒక్క గడియలో పోతాది. నా మాట ఇను పాపా. ఆయప్పను తెచ్చి రాట్నం ముందర కూకోబెట్టు. పొద్దన్నించి మాపటిదాకా కండెలు చుట్టనీ. దినామూ. తల ఎత్తనీయొద్దు. బతికినన్నాళ్ళూ చుట్టనీ. అంతకంటే నరకం లేదు."

నేను ఆ మాట విన్నది రాట్నం ముందర కూర్చునే. ఒళ్ళో కాగితం, కుడిచేతి పక్కన సగం నిండిన రెండో బుట్ట. పెద్దనాయన నవ్వుతూ అందరి మొహాలూ చూశాడు, ఎవరూ నవ్వడం లేదని చూశాడు, తరువాత నన్ను చూశాడు, నా పక్కనున్న బుట్టను చూశాడు. నశ్యం పట్టిన రెండు వేళ్ళూ ముక్కు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఆయన మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని, ఎటు పోతున్నదీ చెప్పకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో కథ లేదు, మాట లేదు. పెద్దనాయన తింటున్నాడు, నేస్తున్నాడు, నా వైపు చూడడం లేదు. కొట్టినా బాగుండునని ఏడ్చాను. నాకు చదువు పోతే పోయింది, ఆయన్ను నలుగురిలో నవ్వులపాలు చేశానే అన్న బాధ ఎక్కువైపోయింది. ఎందుకంటే అన్ని రోజులూ నా కథకు ఆయనంత బాగా ఊ కొట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు.

బడి తెరిచిన రోజు పొద్దున్నే లేచి కండెల చోటుకు పోతే, రాట్నం ముందర పెద్దనాయన కూర్చుని ఉన్నాడు. పెద్ద చేతులు, చిన్న పుల్ల. నూలు చిక్కుపడింది, విప్పుతున్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆడవాళ్ళ పని చేస్తున్న మగాణ్ణి ఆగి మరీ చూస్తున్నారు. ఆయన తలెత్తలేదు.

"పో. బడి గంట కొడతాండారు. సాయంత్రం వచ్చినాక ఆయప్పను యేం జేసినావో చెప్పు."

పలక ఎక్కడుందో, జడ వేసుకున్నానో లేదో తెలియకుండా పరుగెత్తాను. సాయంత్రం ఇంటికి వచ్చి, దారి పొడవునా అనుకున్న ముగింపు చెప్పాను. మద్దిలేటి తూములన్నీ తీయించాడు, గోడకు ఆరేసినవాళ్ళను దింపాడు, చక్రవర్తిని కూడా రాట్నం ముందు నుంచి లేపి ఇంటికి పొమ్మన్నాడు.

పెద్దనాయన చేతిలో పని ఆపకుండా విన్నాడు. "వద్దు," అన్నాడు. "ఇంకొన్నాళ్ళు కూకోనీ. చుట్టనీ."

కూర్చున్నాడు. నేను ఎనిమిదో తరగతి పాసయ్యేదాకా మూడేళ్ళూ నేసే ముందు పొద్దున ఒక బుట్ట, నేసిన తరువాత సాయంత్రం ఒక బుట్ట ఆయనే చుట్టాడు. ఎన్నాళ్ళు చుట్టినా ఆయన కండె వదులే, నాడెలోంచి జారిపోయేది. ఒకనాడు మా నాయన, అన్న ముందర ఏనాడూ తలెత్తనివాడు, గుంటలోంచి తల బయటికి పెట్టి "అన్నా, ఈ కండె గూడా జారతాండాది" అని పకపకా నవ్వాడు. పెద్దనాయన "అయితే యేం?" అన్నాడు. ఇల్లంతా నవ్వింది, జేజి కొంగు అడ్డం లేకుండా నవ్వింది.

ఆ చదువుతోనే తరువాత ట్రైనింగుకు పోయి పంతులమ్మనయ్యాను, ఎందరో ఆడపిల్లల ఇళ్ళకు వెళ్ళి అరుగుల మీద కూర్చుని, బడికి పంపమని అడిగాను. ఇప్పుడు ఆ ఊళ్ళో మగ్గం చప్పుడు వినాలంటే వెతుక్కోవాలి, ఆడపిల్లల్ని బడికి పంపమని ఎవరూ ఎవరినీ బతిమాలనక్కరలేదు, ఆ రెండో మాటకు నాకెంత ఆనందమో చెప్పలేను. కథలకూ కొదవ లేదు, నేను రాసినదానికంటే వెయ్యి రెట్లు గొప్పగా చేస్తున్నారు. కాకపోతే వాటిని చేసేవాళ్ళెవరో, చూసేవాళ్ళెవరో ఒకరికొకరు తెలియదు. మా కాలంలో ఎవరి మీద కోపం వచ్చి కథ కట్టామో, ఆ మనిషి మన ఎదురుగానే కూర్చుని ఊ కొట్టేవాడు. పెద్దనాయన పోయేనాటికి నేను ఆయన్ను క్షమించమని అడగలేదు, ఆయనా నన్ను అడగలేదు, ఆ లెక్క మేమిద్దరం కథలోనే తీర్చేసుకున్నాం. ఒక వేసవి పొడవునా కోపాన్ని అంత ముద్దుగా చెప్పుకునే తీరిక, తన మీద కట్టిన కథను అంత ఇష్టంగా వినే మనిషి, ఈ రెండూ ఇప్పటి పిల్లలకు దొరికితే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.