మచ్చ

అడిలైడ్‌లోని ఒక పరిశోధనశాలలో, దానంగా వచ్చిన మెదళ్లను కాగితం కన్నా పల్చటి పొరలుగా కోయడం లోర్నా కెటిల్‌వెల్ పని. ఇరవై రెండేళ్లుగా అదే. కోసేటప్పుడు ఊపిరి బిగబట్టి, పొర నీళ్ల మీద తేలాక వదులుతుంది. ఇంట్లో చీజ్ కోసేటప్పుడు కూడా అంతే. ఆటిజం ఉన్నవాళ్ల మెదడు కడుపులో ఉండగానే వేరే తీరుగా ఎదుగుతుందని డాక్టర్లు మాట్లాడుకుంటుంటే ఆమె వింటూ పొరలకు నంబర్లు వేస్తుంది.

ఒక మంగళవారం గ్లెనిస్ పాస్కో అనే పెద్దావిడ వచ్చింది. ఆటిజం ఉన్న ఆమె కొడుకు ఇయన్ ముప్పై ఒకటో ఏట ఫిట్స్ వచ్చి చనిపోతే, మెదడు ఇక్కడికే ఇచ్చింది.

"వాడు కడుపులో ఉండగా మెట్ల మీంచి పడ్డాను. దాని మచ్చేమైనా కనిపించిందా?"

"నేను చెప్పకూడదండీ. డాక్టర్‌ని అడగాలి."

"అడిగాను. కారణాలు చాలా ఉంటాయన్నాడు. కోసింది మీరేగా?"

లోర్నా లేచి వెళ్లి, ఇయన్ మెదడు పొర అతికించిన ఒక గాజు పలక తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఇవి కణాలు. ఇక్కడ కాస్త ఒత్తుగా ఉన్నాయి. మూడు వందల పన్నెండు పొరలు కోశాను. మచ్చ ఎక్కడా లేదు."

గ్లెనిస్ చాలాసేపు చూసింది. "ఇంత దగ్గరగా చూస్తే వాడు ఊరుకునేవాడు కాదు."

"ఇప్పుడేమీ అనడు లెండి."

గ్లెనిస్‌కు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. లోర్నా చేతికందిన లెన్సు తుడిచే కాగితాలు ఇచ్చింది.

"కళ్లకైతే సరిపోతాయి," అంది. "ముక్కుకు ఆగవు."