పులుసు మీద రెండు నూనె చుక్కలు

వరంగల్ నుంచి వర్ధన్నపేట పోయే బస్సులో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. "కరోనా వైరస్ కణాన్ని సూదిలా పొడిచి లోపలికి దూరుతుంది" అని పదో పేపరులోనూ కనబడేసరికి ఒళ్లు మండి సున్నా కొట్టాను.

"గంత కోపమెందుకు మేడమ్?" అంది పక్కసీటామె.

"వైరస్ మీదా కొవ్వు పొరే, కణం మీదా కొవ్వు పొరే. వైరస్ ముల్లు రెండింటినీ దగ్గరికి లాగితే కలిసిపోతాయి. ఎన్నిసార్లు చెప్పినా వీళ్లకు ఎక్కదు!"

ఆమె టిఫిన్ డబ్బా మూత తీసింది. పులుసు మీద తేలుతున్న రెండు నూనె చుక్కలను చెంచాతో దగ్గరికి జరిపింది. రెండూ ఒకటయ్యాయి.

"గిట్లనా?"

"అచ్చం ఇలాగే."

ఆమె మూత ఫట్‌మని పెట్టింది. "మా ఆయన కరోనాతోని పోయిండు. నువ్వే ఇంట్లకు తెచ్చినవని మా అత్త ఇప్పటికీ తిడతది. నాకు దగ్గు లేదు, జెరం లేదు. ఒంట్ల గిట్ల సప్పుడు లేకుండ కలిస్తే నాకెట్ల ఎరుకైతది? గీ ముచ్చట మా ఇంట్ల ఎవ్వలు చెప్పలే. మీరేమో సున్నాలు పెట్టుకుంట కూసున్నరు!"

తన ఊరు రాగానే వెనక్కి చూడకుండా దిగిపోయింది.

ఇప్పుడు ఆ పాఠం రోజు క్లాసుకు పులుసు డబ్బా పట్టుకెళ్తాను. ఆ రెండు చుక్కల సంగతి ఇంట్లో తమ నానమ్మకు వివరించకుండా మర్నాడు వచ్చినవాళ్లను పీరియడంతా నిలబెడతాను.