నవారు చుట్టిన స్టీరింగు

మా నందిగామలో మోజెస్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. పెళ్ళికారు మోజెస్ అనాలి. అప్పుడు ఆటోవాడు కూడా ఇంటి దాకా తెచ్చి దింపుతాడు. దింపి ఊరుకోకుండా, "ఈ మధ్య పెళ్ళిళ్ళు ఒప్పుకోవట్లేదండి ఆయన" అని ఒక ముక్క కూడా చెబుతాడు. ఎందుకు ఒప్పుకోవడం లేదో నాకు తెలుసు. మాది పక్కిల్లే.

ముందు కారు సంగతి చెప్పాలి. ఎర్రది, టాపు లేనిది, రెండు సీట్లది. దిగాలంటే మోకాళ్ళు పట్టుకుని లేవాలి, అంత కురచ. ఇంగ్లండులో తయారైంది. తేయాకు తోటల దొర ఒకడు దేశం వదిలిపోతూ మద్రాసులో అమ్మేస్తే, పరిటాల దగ్గర మోతుబరుల బిడ్డ భవానీప్రసాద్ కొన్నాడు. ఆ రోజుల్లో మద్రాసు శివార్లలో, విమానాలు దిగడం మానేసిన రన్‌వే మీద కార్ల పందాలు జరిగేవి. మన వైపు పందెమంటే ఎడ్లు బండ లాగడమే. కారులో గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినవాడికి కప్పు ఇస్తారంటే ఇంటిల్లిపాదీ నవ్వారట. నవ్విన వాళ్ళే, అతను వరసగా గెలిచి ఛాంపియన్ అయ్యాక ఫోటోలు గోడకు కొట్టుకున్నారు.

ఒక పందెంలో కారు పల్టీ కొట్టి అతని కుడిచెయ్యి నలిగింది. రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఇక చాలించమన్నారు డాక్టర్లు. చెబితే వినే మనిషైతే కదా! మంచాలకు అల్లే సన్న నవారు తెప్పించి, స్టీరింగుకి కుడిపక్క లావుగా, ఆ ముడుచుకోని వేళ్ళకు అందేటట్టు తనే చుట్టుకున్నాడు. చివర బొటనవేలి కింద ముడి వేసుకున్నాడు. ఆ ఏడాది కూడా ఆయనే గెలిచాడు.

తరవాత పెళ్ళాం పోరు పడలేక, కూతురు బడికెళ్ళే వయసులో ఉండగా, పందాలు మానేసి కారును జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీ కాంట్రాక్టరు తిరుపతిరావుకు అమ్మేశాడు. అక్కడ లారీ డ్రైవరు మా మోజెస్. తాళాలు ఇవ్వడానికి వచ్చిన భవానీప్రసాద్ అతన్ని పక్కకు పిలిచాడు.

"ఏమయ్యా, దీన్ని చూసుకునేది నువ్వేనా? ఆ నవారు మురికైతే ఉతుక్కో గానీ విప్పమాక."

"విప్పకుండా ఎట్టా ఉతుకుతామండి?"

ఆయన నవ్వి, "అయితే మురికిగానే ఉండనీ" అన్నాడట. మోజెస్ ఆయన్ని చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

తిరుపతిరావు కారైతే కొన్నాడు గానీ ఆయన పొట్టకూ స్టీరింగుకూ పొత్తు కుదరలేదు. కారు క్రషర్ పక్కన తెల్లటి దుమ్ము కొట్టుకుపోతూ నిలబడింది. రోజూ లారీ దిగి దాన్ని తుడిచేవాడు మోజెస్. కొన్నాళ్ళకు ఆయన దాన్ని అల్లుడు సతీష్‌బాబుకు ఇచ్చాడు. ఆ మహానుభావుడు కంచికచర్లలో తన గోడౌనులో పెట్టి, పైన పత్తి బోరేలు వేయించాడు. చివరికి పాత ఇనుముకి వేస్తున్నాడని తెలిసి మోజెస్ పరుగెత్తుకు వెళ్ళాడు. అప్పటికి సొంతానికి అంబాసిడర్ కొనుక్కుని టాక్సీ తిప్పుకుంటున్నాడు. ఆ అంబాసిడర్ ఇచ్చేసి దీన్ని లాక్కొచ్చాడు.

అతని భార్య జయమణి వాకిట్లోనే నిలబెట్టి దులిపేసింది. "అయిదుగురు పట్టే కారిచ్చి ఇద్దరు పట్టేది తెస్తావా? పిల్లల్ని డిక్కీలో వేస్తావా ఏంది?"

పిల్లల సంగతేమో గానీ, డిక్కీ మాత్రం అన్నం పెట్టింది. దాని మీద పరుపు వేసి, పెళ్ళికొడుకునూ పెళ్ళికూతుర్నీ ఎత్తుగా కూర్చోబెట్టి, తను ముందు కూర్చుని నడిపేవాడు. ఇక చర్చి పెళ్ళి గానీ కల్యాణమండపం పెళ్ళి గానీ, ఈ చుట్టుపక్కల ఊరేగింపంటే ఆ కారే. బాణంలా ఉరికిన బండి బ్యాండుమేళం వెనక నత్తనడక నడిచేది. నాకు చూస్తే జాలేసేది. మోజెస్‌కు మాత్రం గర్వం. కారు మీదేనా అని ఎవరన్నా అడిగితే, "మాది కాదండి, ఛాంపియన్ భవానీప్రసాద్‌గారిది. నేను చూసుకుంటున్నా" అనేవాడు. ఆయన పోయి ఏళ్ళయినా అదే మాట.

నాతో ఒకసారి అన్నాడు: "ఆ ఇంటివాళ్ళు ఎవరన్నా వచ్చి, బాగా చూసుకున్నావయ్యా అంటే చాలు మాస్టారూ. ఇంకేం అక్కర్లా."

పోయిన వేసవిలో ఫోను వచ్చింది. భవానీప్రసాద్ కూతురు నాగశ్రీ, హైదరాబాదు నుంచి. చుట్టాల పెళ్ళి ఫోటోల్లో కారును చూసి గుర్తుపట్టిందట. "ఆదివారం వస్తానండి. ఒక్కసారి అందులో కూర్చుని వెళ్ళిపోతా. మీరేం ఏర్పాట్లు చెయ్యొద్దు. ఎట్లా ఉంటే అట్లానే ఉంచండి" అంది.

ఎక్కడన్నా ఉందా? ఏమీ వండొద్దన్న చుట్టానికే కదా మనం గారెలు వండేది! మర్యాదకు అన్న మాటనుకున్నారు మొగుడూ పెళ్ళాలు. మరునాడే కారు విజయవాడ ఆటోనగర్ చేరింది. రంగు కొత్తది, సీట్లు కొత్తవి. స్టీరింగు దగ్గర మాత్రం మోజెస్ ఆగాడు. ఇన్నేళ్ళ చెమటకూ పసుపు నీళ్ళకూ ఆ నవారు నల్లగా, తోలులా అయిపోయింది. ఎవరు మార్చమన్నా మార్చలేదు అతను. ఆ రోజు జయమణి ఒక మాట అంది. అది కోపంతో అన్నది కాదు, ఆ మనిషి మనసు వెన్న.

"అది ఆయన అవిటి చేతికి చుట్టుకున్న గుడ్డ కదయ్యా. పోయిన తండ్రి చెయ్యి విరిగిన సంగతి ఆ బిడ్డకి మళ్ళీ గుర్తుచెయ్యటం దేనికి?"

నిజమే అనిపించింది మోజెస్‌కు. నన్ను అడగలేదు. అడిగినా నేనూ అదే చెప్పేవాణ్ణేమో. నవారు కోసి తీసేసి, స్టీరింగుకు మెరిసే తోలు తొడిగించాడు.

ఆదివారం నాగశ్రీ వచ్చింది. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో పండ్ల సంచి. మోజెస్ చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, పెళ్ళికూతురి తండ్రిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కారును చూడగానే ఆవిడ ముఖం ఎందుకో చిన్నబోయింది. చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు మీద చెయ్యి వేసింది. ఎక్కి కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. కుడిచెయ్యి కాసేపు అటూ ఇటూ తడుముకుంది.

"ఇక్కడ నవారు ఉండాలండి" అంది కళ్ళు తెరిచి.

మోజెస్ కట్టుకున్న చేతులు వదిలేశాడు.

"నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా చెయ్యి ఆ ముడి మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసేవారు నాన్న. ఆయన ముఖం ఫోటోల్లో ఉంది. చెయ్యే గుర్తు రావట్లేదు నాకు. ముడి పట్టుకుంటే గుర్తొస్తుందేమోనని వచ్చా."

మోజెస్ తలవంచుకుని, జరిగిన సంగతంతా చెప్పాడు. జయమణి కొంగు నోట్లో కుక్కుకుంది. నాగశ్రీ ఒక్క పరుషమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. కారు దిగి, కళ్ళు తుడుచుకుని, జయమణి భుజం తట్టి, కాఫీ కూడా తాగింది. వెళ్ళేటప్పుడు మోజెస్‌కు దణ్ణం పెట్టి, "నాన్న కారును చాలా బాగా చూసుకున్నారండి" అంది.

ఏ మాట కోసం బతుకంతా చూశాడో ఆ మాటే అంది. మోజెస్ దాన్ని వినలేక గోడవైపు తిరిగాడు.

తెల్లారి మొదటి బస్సుకే ఆటోనగర్ వెళ్ళాడు. "ఆ గుడ్డా? గ్రీజు తుడిచి పారేశామండి" అన్నారు అక్కడ. చెత్తకుప్పలో మధ్యాహ్నం దాకా వెతికి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. అప్పటి నుంచి పెళ్ళిళ్ళకు బయానా పుచ్చుకోవడం లేదు. వారానికోసారి ఇంజను మాత్రం ఆడిస్తాడు.

మొన్న అలా ఆడిస్తుంటే నేను వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. చూశాను, అతని కుడిచెయ్యి స్టీరింగును పూర్తిగా పట్టుకోవడం లేదు. రెండు వేళ్ళు ఎడంగా నిలబడ్డాయి. వాటికీ తోలుకూ మధ్య సందుంది.

"అదేంటయ్యా, వేళ్ళకేమైంది?" అన్నాను.

మోజెస్ ఆ చేతిని తిప్పి చూసుకున్నాడు.

"ఏం కాలేదు మాస్టారూ. ఇన్నేళ్ళు ఆ లావుకి అలవాటైపోయినయ్. నవారు ఇంకా ఉన్నట్టే పట్టుకుంటయ్." బొటనవేలి కింద కాయ కాచిన చోటు తడిమి చూపించాడు. "ముడి ఇక్కడుండేది. ఆయన చెయ్యి ఎట్టా పట్టుకునేదో నా చేతికి తెలుసు."

ఇంజను ఆపేశాడు.

"ఆ తల్లికి ఈ చెయ్యన్నా చూపించాల్సింది. ఆ రోజు తట్టలేదు నాకు."

హైదరాబాదుకు ఫోను చెయ్యమన్నాను. "ఏ ముఖం పెట్టుకుని చెయ్యను మాస్టారూ" అని తల అడ్డంగా ఊపి, కారు మీద పరదా కప్పాడు.