మా మూలపురుషుడికి మీసాలు లేవు

మా పెద్దబాపుకు, అంటే బాపు వాళ్ల అన్నకు, వంశం అంటే పిచ్చి. దుబ్బాక నుంచి సిద్దిపేటకు వచ్చి మొదటి మగ్గం వేసిన తాతకు ప్రతి పెత్తరమాసకు, అంటే పెద్దల పండుగకు, కొత్త ధోతి పెట్టాల్సిందే. ఆ తాతను చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా పెద్దబాపు స్టూడియోకు పోయి, రుమాలు చుట్టుకుని, మీసాలు మెలేసి కూర్చుని, తన ఫోటోనే తాత పటమని గోడకు తగిలించాడు. అందరం దానికే దండం పెట్టేవాళ్లం. నేనూ పెట్టాను, నవ్వు ఆపుకుంటూ.

పోయిన ఏడాది బాపు చనిపోయాడు. ఆయనకు సంతానం నేనొక్కదాన్నే. ఈ పెత్తరమాసకు బాపు పేరు మీద పురోహితుడైన అయ్యగారికి బియ్యం నేనే ఇస్తానన్నాను.

"ఆడివిల్ల ఇచ్చుడేంది బిడ్డా? గీ ఇల్లు మొగోనితోని మొదలైంది. నేనిస్త తియ్" అన్నాడు పెద్దబాపు.

ఒళ్లు మండింది. బాపును దవాఖానల చుట్టూ తిప్పినన్నాళ్లు నేను ఆడపిల్లనని ఎవరికీ గుర్తు రాలేదు. కానీ పోట్లాటకు దిగితే పెద్దబాపుకు చెవులు వినపడవు. ఇంతకూ ఆ మొగోడెవరో చూద్దామనిపించింది. తాత ముచ్చట రాస్తానని చెప్పి, సందుగపెట్టెలోని తాతనాటి ఉర్దూ కాగితం అడిగాను. పెద్దబాపు పొంగిపోయి తీసిచ్చాడు. ఏటా దానికి పసుపు పెట్టడమే కానీ మా ఇంట్లో చదివినవాళ్లు లేరు.

బజార్లో బట్టలు కుట్టే చాచా దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, పసుపు మరకల మీద వేలు జరుపుతూ చదివాడు. మధ్యలో ఆగి నా మొహం చూశాడు.

"బేటీ, గిండ్ల మొగమనిషి లేడు. ఒక బేవా ఉంది. అంటే మొగడు పోయినామె. ఇద్దరు చిన్న పోరగాండ్లతోని దుబ్బాకకెల్లి సిద్దిపేటకు వచ్చిందట. ఇల్లు కట్టుకోను, మగ్గం ఏసుకోను ఆమెకు జాగ ఇచ్చిన్రు. గిదిగో, ఆమె ఏలిముద్ర."

నాకు నవ్వు మొదలైంది. ఎంతకూ ఆగలేదు. ఇన్నేళ్లూ ఆ మహాతల్లికి ధోతులు పెట్టాం! మీసాలు కూడా పెట్టాం! చాచా మిషన్ ఆపి మంచినీళ్లు ఇచ్చాడు. ఆటోలో కూర్చున్నాక కూడా నవ్వుతుంటే డ్రైవర్ అద్దంలోంచి భయం భయంగా చూశాడు. కాగితం మీది ముద్ర పక్కన నా బొటనవేలు ఆనించి చూసుకున్నాను. పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని నడిచొచ్చిందేమో, సామానంతా ఎట్లా తెచ్చుకుందో. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

పెద్దబాపు నమ్మలేదు. "ఆయినెకు సూపు ఆనుతలేదు" అని తానే పోయి చాచాతో మళ్లీ చదివించుకున్నాడు. మర్నాడు ఇంకోసారి. మూడోనాడు మసీదు దగ్గర మరో పెద్దమనిషితో. ఎవరు చదివినా ఆమె ఆమెగానే ఉంది. ఇంటికొచ్చి పటం దించి మంచం కిందికి తోశాడు. ఆ తర్వాత నాతో మాటల్లేవు. నవ్వు పోయి నాకు దిగులు పట్టుకుంది. తాత సంగతి తేలింది కానీ బాపు బియ్యం సంగతి తేలలేదు.

పెత్తరమాస పొద్దున చూస్తే పెద్దలకు పెట్టిన బట్టల్లో ఒక చీర ఉంది. అయ్యగారు వచ్చి పీట మీద కూర్చున్నారు. బియ్యం, పప్పు, కూరగాయలు సర్దిన చాటను పెద్దబాపు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇక ఆయనే ఇచ్చేస్తాడనుకున్నాను. ఆయన అయ్యగారి వైపు పోలేదు. గోడకానుకుని నిలబడ్డ నా దగ్గరికొచ్చి చాట నా చేతుల్లో పెట్టాడు.

"ఆమె రాకపోతే మనమేడున్నం? ఇయ్యి బిడ్డా. మీ బాపుకు నువ్వే ఇయ్యి."

ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగారు. ఆ ఇంట్లో బాపు పేరు నేనెన్నడూ పలకలేదు. తండ్రిని పేరు పెట్టి అనడం మాకు తప్పు. ఎట్లాగో నోట్లోనే గొణిగాను. వినపడలేదమ్మా, మళ్లీ చెప్పమన్నారు. ఈసారి వాడకట్టంతా వినేటట్టు చెప్పాను.