పట్టపగలు లైట్లేసుకుని పెళ్లిచూపులకు

ఆ రోజుల్లో కారు కొన్నవాడికంటే నడపడం వచ్చినవాడికే గిరాకీ ఎక్కువ. (తెలంగాణ ఇంకా రాలేదు, కామారెడ్డిలో మా గల్లీలోకి కారు వస్తే ఇండ్లలోంచి బయటికొచ్చి చూసేవాళ్లు.) నేను విత్తనాల దుకాణంలో కొత్తగా కుదిరాను, పెద్ద డ్రైవర్నని నాకు నేనే అనుకునేవాణ్ణి. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా మేనమామ ఒక పాత కారు కొన్నాడు. పాతదే కానీ తెలివైనదట. "చీకటైతే లైట్లు అదే ఏసుకుంటది, పనైపోతే అదే బంద్ జేసుకుంటది. బ్యాటరీ దిగనియ్యది. నీకన్న నయం అల్లుడా" అని రోజూ చెప్పేవాడు. ఎల్లారెడ్డిలో నా పెళ్లిచూపులకు అందులోనే పోదామన్నాడు. అంతకుముందు చూసిన సంబంధాలు తప్పిపోయాయి, ఇదైనా కుదరాలని అమ్మకు ఒకటే బెంగ. నాకైతే పిల్ల ఫొటో చూసినప్పటి నుంచి నిద్రే లేదు.

బయలుదేరే ముందు అమ్మ కారుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, లావుపాటి బంతిపూల దండను లోపల ముందరి అద్దం వారగా పరిచింది. "పని అయ్యేదాక ఎవ్వలు ముట్టద్దు" అంది. ఊరు దాటామో లేదో, ఎదురొచ్చే ప్రతివాడూ వేళ్లు ముడుస్తూ తెరుస్తూ సైగ చేయసాగాడు. పగటిపూట లైట్లు వెలుగుతున్నాయని చెప్పే సైగ అది. "మామా, లైట్లు వెలుగుతున్నయే" అన్నాను. "దానికి తెల్వదా? మబ్బు వడుతదేమో, ముందే ఏసుకున్నది" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. లింగంపేట దాటేసరికి మేకలు కాసే తాత కూడా చెయ్యి ఊపాడు. మామ అందరికీ నమస్కారం పెడుతూ వచ్చాడు.

పిల్ల వాళ్ల ఇంటి ముందు ఆపి తాళం వేశాను. లైట్లు ఆరలేదు. (తాళం తీస్తే వెలగడం, వేశాక కాసేపు వెలిగి ఆరడం దాని అలవాటని మాకెవరూ చెప్పలేదు.) లోపల కూర్చున్నాను కానీ మనసంతా బ్యాటరీ మీదే. తిరిగి పోయేటప్పుడు పిల్ల తరఫువాళ్లతో కారు నెట్టించుకుంటే సంబంధం గోవిందా అనిపించింది. ఇప్పుడే వస్తానని లేచి, గుమ్మంలోంచే తాళంచెవి మీది మీట నొక్కి తాళం తీసి వెళ్తే లైట్లు ధగధగా వెలుగుతున్నాయి. కనిపించిన మీటలన్నీ తిప్పి, మళ్లీ తాళం వేశాను. అయినా వెలుగుతూనే ఉన్నాయి. లోపలికి వచ్చి కూర్చోలేక మళ్లీ లేచాను, మళ్లీ అదే తంతు. పిల్ల చాయ్ తెచ్చినప్పుడు నేను బయటే, వచ్చి చాప మీద కూర్చున్నప్పుడూ బయటే. "పిలగానికి కడుపుల గడబిడున్నట్టున్నది, జర మజ్జిగియ్యుండ్రి" అంది పిల్ల నాయనమ్మ. పిల్ల తండ్రి ముఖం చిన్నబోయింది. "మా బిడ్డ నచ్చలేదా ఏంది?" అని మామను అడిగాడు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయినా నేను మళ్లీ లేచాను. అప్పుడు, తల వంచుకుని కూర్చున్న పిల్ల మెల్లగా అంది: "కిటికీలకెల్లి సూస్తున్న. మీరు పోతెనే వెలుగుతున్నయి. వచ్చి కూసున్నంక అవ్వే ఆరిపోతున్నయి. జర ముట్టకుంట కూసోండ్రి." ముందు నాయనమ్మ నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. ఆమె ముఖం సరిగ్గా చూసింది అప్పుడే. ఫొటోకంటే ఎంతో బాగుంది.

సంబంధం కుదిరింది. సంతోషంలో అమ్మ బంతిదండ తీసి వాళ్ల గుమ్మానికే కట్టింది. తిరుగు ప్రయాణంలో పొద్దు గూకేదాకా లైట్లు వెలగనే లేదు. దండ కింద దాక్కున్న గోలీ అంత నల్లటి అద్దమే వెలుతురును పసిగట్టే ఆ కారు కన్ను అని, పాపం దానికి పొద్దంతా రాత్రిలాగే కనిపించిందని అప్పుడు తెలిసింది.

కారు ఎప్పుడో అమ్మేశారు. నా తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి, గాబరా మాత్రం పోలేదు. పిల్లవాడికి కాస్త జ్వరమొచ్చినా, దుకాణంలో ఎవరితో మాట పెరిగినా, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటాను. వంటింట్లోంచి అదే గొంతు వినిపిస్తుంది: "జర ముట్టకుంట కూసోరాదు, అదే ఆరిపోతది." తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆ పిలగాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వెళ్లి కూర్చుంటాను.