గోదాం నిండా ఖాళీ

కూల్‌డ్రింకులు అమ్ముకుని చల్లగా బతికినవాళ్లను మీరు చూసే ఉంటారు. కూల్‌డ్రింకులు అమ్మబోయి, భిలాయి మే నెల ఎండలో వీధి వీధంతటికీ తేన్పులు తెప్పించి, కన్నతండ్రి పరువును రోడ్డు మీద సీసాల మధ్య నిలబెట్టినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడండి. నేనే. ముందే చెబుతున్నాను, ఈ కథలో నేను ఎక్కడా తెలివిగా ప్రవర్తించను. మధ్యలో అలా అనిపిస్తే అది మీ దయ.

మాది స్మృతి నగర్. నాన్న ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు మేనేజరు. అమ్మానాన్నలు విజయనగరం వాళ్లు, నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. రెండూ నాకు క్షుణ్ణంగా వచ్చని నా నమ్మకం. రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాడికి కనీసం ఈతైనా వచ్చి ఉండాలని అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

ఇంజినీరింగ్ చదివి, దొరికిన ఉద్యోగం వదిలేసి, ఇంట్లో ఫ్యాను కింద భవిష్యత్తు గురించి ఆలోచిస్తున్న రోజులవి. ఓ పెద్ద కూల్‌డ్రింకు కంపెనీ మా ప్రాంతానికి డిస్ట్రిబ్యూటరు కోసం చూస్తోందని తెలిసింది. పేరు చెప్పను, ఈ గొడవలో కంపెనీ తప్పేమీ లేదు పాపం. దరఖాస్తు పెట్టాను, పిలిచారు, ఒప్పుకున్నారు. మా వెనక వీధిలో మూతబడ్డ పిండిమర గదిని గోదాంగా అద్దెకు తీసుకున్నాను. సరుకు రాకముందే బోర్డు వచ్చేసింది. సీసా లేదు, మూత లేదు, డిస్ట్రిబ్యూటరు పేరు సోమలింగం.

బోర్డు చూసి నాన్న ఛాతీ పొంగింది. ఆ పొంగులో ఆయన చేయకూడని పని ఒకటి చేశారు. ఆయన పై ఆఫీసరు సన్యాసిరావుగారి అమ్మాయి నిశ్చితార్థం వైశాలి నగర్‌లో, ఓ హాల్లో. "కూల్‌డ్రింకుల సంగతి మావాడికి వదిలీండి సార్, వాడే డిస్ట్రిబ్యూటరు" అని మాట ఇచ్చేశారు.

ఇంటికొచ్చి నాతో, "ఒరే శివా, నా పరువు నీ చేతిలో పెడుతున్నాను. జాగర్త" అన్నారు.

"ఎంత పరువైనా పెట్టండి నాన్నా, గోదాంలో బోలెడు చోటుంది" అన్నాను.

మర్నాడు కంపెనీ ఏరియా ఆఫీసరు తివారీగారు ఫోన్ చేశారు. మొదటి లోడు పంపే ముందు నాలుగు వివరాలు కనుక్కుందామని. ఆయన హిందీ గంభీరంగా ఉంటుంది. నా హిందీ వినయంగా ఉంటుంది.

"ఆప్‌కే పాస్ ఖాలీ హై నా?" అన్నారు.

మీ దగ్గర ఖాళీ ఉందా అని. గోదాం పెట్టినవాణ్ణి ఇంకేం అడుగుతారు?

"హై సర్! బహుత్ ఖాలీ హై!"

"కిత్‌నా?"

"పూరా గోదాం భర్ ఖాలీ హై సర్!"

గోదాం నిండా ఖాళీ. అవతల తివారీగారు మహా ఆనందంగా, "వాహ్! కొత్తవాళ్ల దగ్గర అంత ఉండదే! టూటా-ఫూటా తో నహీ?" అన్నారు. విరిగిందీ, పగిలిందీ ఏమీ లేదు కదా అని.

"నహీ సర్. మొన్ననే సిమెంట్ లగ్‌వాయా."

"సిమెంటా?"

"గట్టిగా ఉంటుందని సర్."

"అచ్ఛా... కడిగించారా?"

"మా మమ్మీ స్వయంగా కడిగింది సర్. ఫినాయిల్‌తో."

"ఫినాయిల్ మత్ డాలో భాయ్!" ఆయన కంగారుపడ్డారు. "లోగ్ పీతే హై!"

జనం తాగుతారట. గోదాం నేలను ఎవరు తాగుతారో నాకు అంతుబట్టలేదు. పెద్ద కంపెనీ కదా, శుభ్రత కూడా పెద్దదే అనుకున్నాను.

"పహ్‌లే ఉస్‌మే క్యా థా?" ఇంతకుముందు అందులో ఏముండేది అని చివరి ప్రశ్న.

"ఆటా థా సర్. గోధుమ పిండి. బస్తాలకి బస్తాలు పట్టేది."

తివారీగారు "సరే, లారీ పంపిస్తాను, మా డ్రైవరే చూసుకుంటాడు" అని పెట్టేశారు. చూశారా పాఠకులారా, ఆ మనిషి కూడా నాలాగే ఏమీ అర్థం కాకుండా 'సరే' అన్నారు. ప్రపంచంలో వ్యాపారాలన్నీ ఇలాగే నడుస్తాయేమోనని నా అనుమానం.

నిశ్చితార్థం రోజు పొద్దున్నే లారీ వచ్చింది. గాజు సీసాల క్రేట్లు ఎండలో మిలమిలలాడుతున్నాయి. డ్రైవరు దుకాలు, ఛత్తీస్‌గఢీ మనిషి, దిగీ దిగగానే ఖాళీ ఎక్కడ అని అడిగాడు.

"ఖాలీ కహా హే?"

నేను పెళ్లికూతుర్ని చూపించినట్టు గోదాం తలుపులు తెరిచాను. అతను లోపలికి తొంగిచూశాడు. తలుపు వెనక చూశాడు. పైకప్పు కూడా చూశాడు.

"ఏ తో ఖాలీ హే" అన్నాడు.

"అదే కదా! ఖాలీ హై!"

"ఫేర్ ఖాలీ కహా హే?"

"ఇదే ఖాలీ భయ్యా!"

"ఏ ఖాలీ హే," గోదాం చూపించాడు, "ఫేర్ ఖాలీ నఈ హే!"

ఇది ఖాళీగా ఉంది, కానీ ఖాళీ లేదు! వేదాంతంలో కూడా ఇంత లోతైన మాట విని ఉండను. ఇద్దరం ఆ ఖాళీ గదిలో ఒకరినొకరు చూస్తూ నిలబడ్డాం. గొడవ విని అమ్మ వచ్చింది.

"ఏటిరా? సరుకు దింపడేటి?"

"ఖాళీ లేదంటన్నాడమ్మా."

"కళ్లు కనపడవేటి ఇతనికి? ఇంత గది!"

తివారీగారికి ఫోన్ చేశాను. ఆయన తల పట్టుకున్న చప్పుడు ఫోన్లో వినిపించిందంటే నమ్మండి. ఈ వ్యాపారంలో ఖాలీ అంటే చోటు కాదట. తాగేసిన ఖాళీ సీసాలట! ఎన్ని ఖాళీ సీసాలు తిరిగి ఇస్తే అన్నే నిండు సీసాలు దింపుతారట. అవి లేనివాడు ముందే చెప్పి సీసాలకు వేరే డిపాజిట్ కట్టుకోవాలట. అది జరగడానికి వారం పడుతుందట.

"మీరే అన్నారు కదా, గోదాం భర్ ఖాలీ అని!" ఆయన ఏడుపు గొంతు.

"గోదాం ఖాళీగానే ఉంది సర్!" నా ఏడుపు గొంతు.

సాయంత్రానికి నిశ్చితార్థం. నాన్న డ్యూటీలో ఉన్నారు. దుకాలు లారీ నీడలో కూర్చుని, సాయంత్రం దాకా చూస్తానని, ఖాళీ లేకపోతే సరుకు వెనక్కి పట్టుకుపోతానని చెప్పాడు. నిండు సీసా కావాలంటే ఖాళీ సీసా ఉండాలి. ఖాళీ సీసా కావాలంటే నిండు సీసా తాగాలి. నా బుర్ర గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది.

అమ్మకు చటుక్కున గుర్తొచ్చింది. "క్యాంప్ వన్‌లో నాగమణి అత్త దగ్గర ఒక ఖాళీ సీసాల క్రేటు ఉండాలిరా. మావయ్య పాన్ డబ్బా నడిపిన్నాటిది."

బండి వేసుకుని క్యాంప్ వన్ సందుల్లో పడ్డాను. అత్త ఆ క్రేటు మీదే దిండు వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అత్తా, లేచీవా? అది కావాలి."

"ఏట్రా, నా పీట పట్టుకుపోతావేటి? నడుం నొప్పి మనిషిని, నేల మీద కూకోమంటావేటి?"

"నాన్న పరువు దాని మీదుంది అత్తా!"

"మీ నాన్న పరువా? ఇన్నాళ్లూ నాను కూకున్నది దాని మీదేట్రా!" అంటూ లేచింది.

క్రేటు తెచ్చి ఇచ్చాను. దుకాలు ఒక నిండు క్రేటు దింపాడు. ఒక్కటంటే ఒక్కటి. దాని వంక చూస్తుండగా నా ఇంజినీరింగ్ చదువు ఒళ్లు విరుచుకుని లేచింది. పిచ్చి కుదిరింది, సీసా తలకి చుట్టమంది.

"అమ్మా! దొరికింది ఉపాయం! ఈ క్రేటు ఇప్పుడే తాగేస్తే?"

"తాగేస్తే?"

"ఖాళీ అవుతుంది. అది ఇస్తే ఇంకో నిండు క్రేటు వస్తుంది. అదీ తాగేస్తే ఇంకోటి! అలా లారీ మొత్తం దింపించీవచ్చు!"

ఎక్కడో ఏదో తేడాగా ఉందని అమ్మకు తోచింది గాని, ఎక్కడో చెప్పలేకపోయింది. దుకాలునూ అడిగాను. అతను వేళ్లు ముడిచి, విప్పి, "బాత్ తో సహీ హే" అన్నాడు. మాట నిజమేనట.

ఇక చూడండి. వీధిలో తలుపు తలుపూ కొట్టాను. "ఆంటీ, కూల్‌డ్రింకు తాగండి! అంకుల్, దయచేసి తాగండి! భయ్యా, దీదీని కూడా పిలవండి!" మే నెల ఎండలో ఉచిత పానీయం. ఎవరు కాదంటారు? మొదటి క్రేటు మంచినీళ్లలా అయిపోయింది. ఖాళీ ఎక్కింది, నిండు దిగింది. రెండోది, మూడోది. కొంతసేపటికి వీధి వేగం తగ్గింది.

"ఇంక చాలు బాబూ, కడుపు బెలూనైపోయింది."

"ఒక్కటి ఆంటీ! మా నాన్న పరువు ఆంటీ!"

మా ఎదురింటి అంకుల్ మెట్ల మీద వెనక్కి వాలిపోయి, మాటకొక తేన్పుతో దీవించారు. దుకాలు కూడా తన వంతు తాగి లారీ నీడలో బోర్లా పడ్డాడు. నేనెన్ని తాగానో లెక్క లేదు. కళ్లల్లోంచి కూడా గ్యాసు వస్తున్నట్టుంది. అన్నీ నేను ముందే సొమ్ము కట్టిన సరుకే సుమండీ!

నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి లారీ నిండా ఖాళీ సీసాలు గలగలలాడుతున్నాయి. నేను విజయగర్వంతో ఎదురెళ్లాను.

"మొత్తం లారీ దింపించీసాను నాన్నా!"

"శెభాష్. ఏదీ సరుకు?"

గోదాం తలుపు తీశాను. మధ్యలో ఒకే ఒక్క నిండు క్రేటు.

నాన్న దాన్ని చూశారు, నన్ను చూశారు. "మొదట నీ దగ్గర ఎన్ని క్రేట్లున్నాయిరా?"

"ఒకటి."

"ఇప్పుడు?"

"...ఒకటి."

"మధ్యలో ఏటి చేసావు?"

సమాధానం చెప్పబోయాను. తేన్పు వచ్చింది.

చేసేదేం లేక ఆ ఒక్క క్రేటునూ, అమ్మ బిందెలకు బిందెలు కలిపిన మజ్జిగనూ పట్టుకుని వైశాలి నగర్ చేరాం. హాలు నిండిపోయి ఉంది. తల వంచుకుని ట్రే పట్టుకుని వెళ్లాను. మొదటి వరసలో మా ఎదురింటి అంకుల్. ట్రే చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టారు. "వద్దు బాబూ, నీకు దణ్ణం పెడతాను." పక్కన ఆంటీ ముఖం తిప్పుకుంది. సన్యాసిరావుగారు కూడా స్మృతి నగర్ వారే కాబట్టి, ఆడపెళ్లివారి తరఫున వచ్చినవాళ్లు దాదాపుగా మా వీధివాళ్లే! మగపెళ్లివారు చెమటలు కక్కుతూ వచ్చి మజ్జిగ మీద పడ్డారు. పురోహితుడు లగ్నపత్రిక చదువుతూ ఆగిన చోటల్లా హాలు ఆ మూల నుంచి ఈ మూల దాకా ముక్తకంఠంతో తేన్చింది. కొత్త వియ్యంకుడు అదేదో మా వైపు ఆచారం అనుకుని తలూపాడు.

చివర్లో సన్యాసిరావుగారు నా భుజం తట్టారు. "ఏటోయ్, సరిపోవేమోనని హడలిపోయాను. ఇంకా మిగిలాయే! ఎంత కావాలో చూసి మరీ తెచ్చావు. నువ్వు వ్యాపారానికే పుట్టావోయ్!"

నాన్న గోడ వైపు తిరిగారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఈనాటికీ చెప్పరు.

మర్నాడు పొద్దున్న తివారీగారి ఫోను. ఒక్క రోజులో లారీడు ఖాలీ తిరిగి పంపిన డిస్ట్రిబ్యూటరును తన జీవితంలో చూడలేదట. పక్క ఊరు దుర్గ్ కూడా నాకే ఇస్తారట. నాకు జ్వరం వచ్చినట్టయింది. అమ్మ ఫోను లాక్కుని, తనకొచ్చిన హిందీలో ఖరాఖండిగా చెప్పేసింది.

"భయ్యా, హమారా బాబు ఖాలీ నహీ హై!"

మా అబ్బాయికి తీరిక లేదని ఆమె ఉద్దేశం.

"కోయీ బాత్ నహీ బెహన్‌జీ," అన్నారు తివారీగారు సీసాల సంగతి అనుకుని, ఎంతో ప్రేమగా, "ఖాలీ మేమే పంపిస్తాం."

మధ్యాహ్నానికి వీధి చివర లారీ హారన్ వినిపించింది. చుట్టుపక్కల తలుపులు టపటపా మూసుకున్నాయి.

కాబట్టి పాఠకులారా, ప్లాంటులో ఎర్రగా కాగుతున్న ఇనుము సాక్షిగా, ఎడమ చేత్తో పొట్ట పట్టుకుని, కుడి చెయ్యి ముందుకు చాచి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరు ఏ భాషలో ఏది ఉందా అని అడిగినా, 'ఉంది సార్' అనే ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, 'ఏటి?' అని అడుగుతాను.